పదిమంది వాడే యూనిక్స్ వర్క్‌స్టేషన్‌లో పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ డిస్క్: ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

సొంత ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ గుచ్చితే పని అయిపోతుంది. పదిమంది లాగిన్ అయ్యే లినక్స్ లేదా బీఎస్‌డీ మెషీన్‌లో అదే పెన్‌డ్రైవ్ పెట్టగానే చిక్కులు మొదలవుతాయి. మౌంట్ (డిస్కును మెషీన్ డైరెక్టరీల్లో ఒకచోట తగిలించడం) చేయబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మౌంట్ అయినా ఫైళ్లు ఎవరి పేరు మీదో కనిపిస్తాయి. లేదంటే మీ ఫైళ్లు పక్క టెర్మినల్లో ఉన్నవాళ్లకూ తెరుచుకుంటాయి. చాలామందికి ఈ సంగతులు డిస్కు కొని, ఫార్మాట్ చేసేశాక గుర్తొస్తాయి. వరుస తిరగబడాలి: మౌంట్ చేసే అధికారం ఎవరిదో ముందు తేల్చుకోవాలి, దాన్నిబట్టి ఫైల్‌సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) ఎంచుకోవాలి, ఆ రెండూ కుదిరాకే హార్డ్‌వేర్ సంగతి చూడాలి.

మౌంట్ ఎవరు చేయాలి?

డెస్క్‌టాప్ ఉన్న లినక్స్‌లో మామూలుగా ఈ పని చూసేది యుడిస్క్స్ అనే సర్వీస్. స్క్రీన్ ముందు కూర్చుని లాగిన్ అయిన యూజర్‌కు, అంటే యాక్టివ్ సెషన్ ఉన్నవాళ్లకు, బయటి డిస్కును పాస్‌వర్డ్ లేకుండానే మౌంట్ చేసుకోనిస్తుంది. డెబియన్, ఉబుంటుల్లో మీడియా డైరెక్టరీ కింద, ఫెడోరాలో రన్ డైరెక్టరీలోని మీడియా కింద మీ యూజర్‌నేమ్‌తో ఒక ఫోల్డర్ తెరిచి అందులో తగిలిస్తుంది. ఆ ఫోల్డర్‌లోకి మిగతా మామూలు యూజర్లు రాలేరు. డిస్కు మీది ప్రోగ్రాములు రూట్ (సర్వాధికారాలున్న అడ్మిన్ అకౌంట్) అధికారం పొందకుండా, డివైజ్ ఫైళ్లు పనిచేయకుండా నోసూయిడ్, నోడెవ్ ఆప్షన్లు ఎప్పుడూ వేస్తుంది. కమాండ్ లైన్ నుంచి చేయాలంటే యుడిస్క్స్‌సీటీఎల్ మౌంట్, మైనస్ బీ, ఆ తర్వాత డివైజ్ పేరు. షేర్డ్ మెషీన్‌కు ఇంతకన్నా మెరుగైన డిఫాల్ట్ లేదని మా అభిప్రాయం.

దీని పరిమితి కూడా అక్కడే ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచి, వచ్చిన యూజర్‌ది యాక్టివ్ సెషన్ కాదు కాబట్టి అతన్ని అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పోల్‌కిట్ (ఎవరికి ఏ అనుమతి ఉందో తేల్చే సర్వీస్) రూల్ ఒకటి రాసి ఫలానా గ్రూపు వాళ్లందరికీ అనుమతి ఇచ్చేయవచ్చు. కానీ దాని అర్థం ఏమిటో చూడండి: కన్సోల్ దగ్గర ఒకరు తన పెన్‌డ్రైవ్ పెట్టిన క్షణంలో, ఎక్కడో ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉన్న మరొకరు దాన్ని తన పేరు మీద మౌంట్ చేసేసుకోవచ్చు. మెషీన్ దగ్గరకు ఎవరూ రాని సర్వర్ గదిలో ఇది ఫర్వాలేదు, అందరూ వచ్చిపోయే ల్యాబ్‌లో వద్దు.

ఇంకో ఇబ్బంది. ఒకరు డిస్కు మౌంట్ చేసి అన్‌మౌంట్ చేయకుండానే లాగౌట్ అయిపోతే అది అలాగే ఉండిపోతుంది. తర్వాత వచ్చినవారు తీయబోతే, ‘వేరొకరు మౌంట్ చేసినది’ అని అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. విసుగెత్తి డిస్కు పీకేసేది ఇక్కడే.

రెండో దారి ఎఫ్‌ఎస్‌ట్యాబ్, అంటే ఏ డిస్కు ఎక్కడ, ఎలా మౌంట్ కావాలో రాసుకునే ఫైలు. ప్రాజెక్టుకు ఒకే డిస్కు ఉండి, అదే డిస్కు మళ్లీ మళ్లీ వస్తుంటే ఇది బాగుంటుంది. యూయూఐడీతో (ఫైల్‌సిస్టమ్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఒక లైన్ రాసి నోఆటో (బూట్‌లో దానంతటదే మౌంట్ కావద్దు), నోఫెయిల్ (డిస్కు లేకపోయినా బూట్ ఆగవద్దు) పెట్టండి. దానికి తోడు ‘యూజర్’ కావాలా, ‘యూజర్స్’ కావాలా నిర్ణయించుకోవాలి. ‘యూజర్’ అంటే ఎవరు మౌంట్ చేశారో వాళ్లే అన్‌మౌంట్ చేయాలి. ‘యూజర్స్’ అంటే ఎవరైనా చేయవచ్చు. షిఫ్టులు మారే చోట రెండోది లేకపోతే పని సాగదు. రెండింటిలో ఏది పెట్టినా నోఎగ్జెక్ (డిస్కు మీది ప్రోగ్రాములను నడవనివ్వనిది), నోసూయిడ్, నోడెవ్ వాటంతట అవే వస్తాయి. లైన్‌లో వాటి తర్వాత ‘ఎగ్జెక్’ అనో ‘సూయిడ్’ అనో రాస్తే మాత్రం ఆ రక్షణ పోతుంది. నోఆటో, నోఫెయిల్ రెండూ మరిచిపోతే డిస్కు లేనప్పుడు సిస్టమ్‌డీ (బూట్‌ను నడిపించే ప్రోగ్రామ్) 90 సెకన్లు ఎదురుచూసి, బూట్‌ను ఎమర్జెన్సీ మోడ్‌లో ఆపేస్తుంది. ఒక్క పెన్‌డ్రైవ్ కోసం మెషీన్ మొత్తం లేవదన్నమాట.

ఎవరు ఏ డిస్కు తెస్తారో తెలియని చోట ఎఫ్‌ఎస్‌ట్యాబ్ పనికిరాదు. ఎస్‌డీబీ1 అని డివైజ్ పేరు రాసేస్తే ఈరోజు పెన్‌డ్రైవ్‌కు వచ్చిన పేరు రేపు ఇంకో డిస్కుకు రావచ్చు. పైగా పార్టిషన్ నంబరు 1 అవ్వాలనీ లేదు. కొన్ని పెన్‌డ్రైవ్‌లలో పార్టిషన్ టేబులే ఉండదు, ఫైల్‌సిస్టమ్ నేరుగా డివైజ్ మీదే ఉంటుంది. పాత జిప్ డిస్కులు డాస్ ఫార్మాట్‌లో వచ్చేటప్పుడు డేటా నాలుగో పార్టిషన్‌లో ఉండేది, 1 అని టైప్ చేసి ఖాళీ డిస్కనుకున్నవాళ్లు ఎంతమందో! ఊహించకుండా ఎల్‌ఎస్‌బీఎల్‌కే మైనస్ ఎఫ్ కొట్టి చూడండి: ఏ డివైజ్, ఏ ఫైల్‌సిస్టమ్, ఏ లేబుల్, ఎక్కడ మౌంట్ అయింది అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి.

బ్యాకప్ డిస్కులా ఎక్కువసేపు తగిలించే ఉంచేవాటికి ఆటోమౌంట్ (వాడబోయినప్పుడే మౌంట్ కావడం) మేలు. సిస్టమ్‌డీ ఆటోమౌంట్ ఆప్షన్‌తో పాటు ఐడిల్ టైమౌట్ 60 సెకన్లు పెడితే, ఎవరూ వాడనప్పుడు డిస్కు దానంతటదే అన్‌మౌంట్ అయిపోతుంది. ఎవరైనా కేబుల్ తన్నినా నష్టం తక్కువ. కానీ ఏ టెర్మినల్ అయినా ఆ డైరెక్టరీలో నిలబడి ఉంటే టైమౌట్ పనిచేయదు.

ఇక సూడో, అంటే ఒక కమాండ్‌ను రూట్ అధికారంతో నడపనిచ్చేది. ‘మౌంట్ కమాండ్‌కు సూడో ఇచ్చేద్దాం’ అన్నది అడ్మిన్లకు తట్టే సులువైన ఉపాయం, అన్నింటికన్నా ప్రమాదకరం కూడా. ఆర్గ్యుమెంట్లు యూజర్ ఇష్టమైతే అతను ఇంట్లో ఈఎక్స్‌టీ4 (లినక్స్ మామూలుగా వాడే ఫైల్‌సిస్టమ్) డిస్కు మీద రూట్ పేరుతో సెట్‌యూఐడీ షెల్ (ఎవరు నడిపినా ఓనర్ అధికారంతో నడిచేది) ఒకటి తయారుచేసుకుని వచ్చి, ఇక్కడ మౌంట్ చేసి నడిపితే చాలు, రూట్ అయిపోతాడు. సిస్టమ్ సెట్టింగ్‌లు ఉండే ఈటీసీ డైరెక్టరీ మీద తన డైరెక్టరీని బైండ్ మౌంట్ చేసినా (దాని స్థానంలో కనిపించేలా పెట్టినా) అంతే. సూడో తప్పదంటే ఆప్షన్లన్నీ లోపలే రాసిన చిన్న స్క్రిప్టుకు మాత్రమే ఇవ్వండి. యూజర్‌ను ‘డిస్క్’ గ్రూపులో చేర్చడం ఇంకా ఘోరం: మెషీన్‌లోని డిస్కులన్నింటినీ నేరుగా చదివి రాసే అధికారం అది, రూట్‌తో సమానం. ఫోరమ్‌లలో కనిపించే ఈ సలహాను ఎక్కడ చూసినా దాటిపోండి.

ఫ్రీబీఎస్‌డీలో వీఎఫ్‌ఎస్ యూజర్‌మౌంట్ అనే కెర్నల్ సెట్టింగ్‌ను (సిస్‌సీటీఎల్) 1 చేయాలి, డివైజ్ ఫైళ్ల అనుమతులు చూసే డెవ్‌ఎఫ్‌ఎస్ రూల్స్‌లో ఆ డివైజ్‌ను మీ గ్రూపుకు చదవడానికి, రాయడానికి ఇవ్వాలి, మౌంట్ చేసే డైరెక్టరీ యూజర్ సొంతమై ఉండాలి. మూడింటిలో ఏది లేకపోయినా ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ లేదా ‘పర్మిషన్ డినైడ్’ వస్తుంది. అందరూ మరిచిపోయేది మూడోది. ఓపెన్‌బీఎస్‌డీ 2016లో 6.0తో మామూలు యూజర్ మౌంట్‌ను పూర్తిగా తీసేసింది. అక్కడ సూడో లాంటి డూయాజ్‌తో ఫలానా కమాండ్‌ను ఫలానా ఆర్గ్యుమెంట్లతో అనుమతించడమొక్కటే దారి.

ఫైల్‌సిస్టమ్: అసలు తగవు యూఐడీ దగ్గర

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. మీ సొంత లినక్స్‌లో ఈఎక్స్‌టీ4తో డిస్కు ఫార్మాట్ చేశారు. అక్కడ మీ యూఐడీ (యూజర్‌కు మెషీన్ ఇచ్చే నంబరు) 1000. ఫైళ్లకు 600 పర్మిషన్ పెట్టి, మీకు తప్ప ఎవరికీ తెరుచుకోవని ధీమాగా ఉన్నారు. దాన్ని వర్క్‌స్టేషన్‌కు తెచ్చారు. అక్కడ ఎల్‌డాప్ (అన్ని మెషీన్ల అకౌంట్లను ఒక్కచోట ఉంచే సర్వీస్) మీకిచ్చిన యూఐడీ 20317. 1000 ఎవరిదయ్యా అంటే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పుట్టిన మొదటి లోకల్ అకౌంట్‌ది. డిస్కు మీద ఉన్నది పేరు కాదు, నంబరు. కాబట్టి మీ ఫైలు మీకే ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది, ఆ లోకల్ అకౌంట్ మౌంట్ పాయింట్ దాకా రాగలిగితే దానికి మాత్రం తెరుచుకుంటుంది. ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌ఎన్ కొడితే పేర్ల బదులు నంబర్లు కనిపించి గుట్టు బయటపడుతుంది.

దీనికి మందులు లేకపోలేదు. అన్ని మెషీన్లలోనూ మీ యూఐడీ ఒకటే అయితే సమస్యే లేదు, ఒకే ఎల్‌డాప్ కింద ఉన్న మెషీన్ల మధ్య తిరిగే డిస్కుకు ఈఎక్స్‌టీ4 హాయిగా సరిపోతుంది. లేకపోతే నంబర్లు మార్చి చూపించే మౌంట్ కావాలి. కెర్నల్ 5.12 నుంచి ఐడీ మ్యాప్డ్ మౌంట్లు ఉన్నాయి, 2023లో వచ్చిన యుటిల్-లినక్స్ 2.39 నుంచి మౌంట్ కమాండ్‌లోనే ఆ ఆప్షన్ ఉంది. పాత మెషీన్లలో బైండ్‌ఎఫ్‌ఎస్‌తో 1000ని 20317గా మ్యాప్ చేయవచ్చు. రెండింటికీ రూట్ కావాలి. చౌన్ (ఓనర్‌ను మార్చే కమాండ్) కొట్టేస్తే పోలేదా అంటే, దానికీ రూట్ కావాలి, పైగా ఇంటికెళ్లాక మళ్లీ వెనక్కి మార్చుకోవాలి.

అందుకే ఒక్కరి డేటాను అటూ ఇటూ మోసే డిస్కుకు మేం ఎక్స్‌ఫ్యాట్‌నే చెబుతాం. దానికి ఓనర్, పర్మిషన్ అన్న సంగతే తెలియదు. మౌంట్ చేసినప్పుడు ఏ యూఐడీ, జీఐడీ (గ్రూపు నంబరు), యూమాస్క్ (ఏ పర్మిషన్లు తీసేయాలో చెప్పే అంకె) ఇస్తే అన్ని ఫైళ్లూ వాటితోనే కనిపిస్తాయి. యుడిస్క్స్ మౌంట్ చేస్తే అన్నీ మీవే. మొత్తం గ్రూపుకు ఇవ్వాలంటే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో గ్రూపు జీఐడీ, యూమాస్క్ 007 రాస్తే చాలు. మైక్రోసాఫ్ట్ 2019లో స్పెసిఫికేషన్ బయటపెట్టాక కెర్నల్ 5.4లో తాత్కాలిక డ్రైవర్, 5.7లో సామ్‌సంగ్ రాసిన గట్టి డ్రైవర్ వచ్చాయి. అంతకన్నా పాత కెర్నల్ ఉన్న మెషీన్‌లోనూ, ఫ్రీబీఎస్‌డీలోనూ ఫ్యూజ్ (ఫైల్‌సిస్టమ్‌ను కెర్నల్ బయట నడిపే పద్ధతి) ఆధారిత ఎక్స్‌ఫ్యాట్ ప్యాకేజీ విడిగా వేయించుకోవాలి. మ్యాక్‌ఓఎస్, విండోస్‌లు వాటంతట అవే చదువుతాయి.

ఎక్స్‌ఫ్యాట్ లోపాలు రెండు. జర్నల్ (రాయబోయే మార్పుల చిట్టా) లేదు, మధ్యలో పీకితే దెబ్బతినే అవకాశం ఈఎక్స్‌టీ4 కన్నా ఎక్కువ. రెండోది చాలామందికి తెలియదు: 32 జీబీ దాటిన డిస్కును విండోస్‌లో డిఫాల్ట్‌గా ఫార్మాట్ చేస్తే క్లస్టర్ (ఫైలుకు జాగా ఇచ్చే కనీస ముక్క) 128 కేబీ అవుతుంది. 1 కేబీ ఫైలు పెట్టినా 128 కేబీ జాగా తీసుకుంటుంది. అలాంటివి లక్ష ఉంటే అసలు డేటా 100 ఎంబీ, డిస్కు మీద ఆక్రమించేది 13 జీబీ. సోర్స్ కోడ్, ఇమేజ్ డేటాసెట్, మెయిల్ ఫోల్డర్లు కాపీ చేసేవాళ్లు ఫార్మాట్ చేసేటప్పుడే క్లస్టర్ సైజు తగ్గించుకోవాలి, లేదా కింద చెప్పబోయే టార్ దారి పట్టాలి.

ఫ్యాట్32 ఇంకా బతికే ఉంది, ఎందుకంటే ఏ యూనిక్స్ అయినా దాన్ని చదువుతుంది. కానీ ఒక్క ఫైలు 4 జీబీకి చేరకూడదు, ఒక్క బైటు తక్కువే ఉండాలి. ఫైల్ టైమ్ రెండు సెకన్ల గీతల మీదే నిలుస్తుంది. టైమ్ జోన్ కూడా రాసుకోదు, లోకల్ టైమే రాస్తుంది. ఈ రెండింటి వల్ల ఆర్‌సింక్ (మారిన ఫైళ్లనే కాపీ చేసే టూల్) మారని ఫైళ్లను కూడా మారాయనుకుని మళ్లీ కాపీ చేస్తుంది. మాడిఫై విండో 1 అన్న ఆప్షన్ ఇస్తే మొదటి సమస్య తీరుతుంది. ఆర్‌సింక్‌కు అలవాటుగా మైనస్ ఏ ఇచ్చినా చిక్కే: ఫ్యాట్ మీద, ఎక్స్‌ఫ్యాట్ మీద సిమ్‌లింకులు ఉండవు, ఓనర్‌ను మార్చడం కుదరదు, ఎర్రర్లు వరుసగా వస్తాయి. వాటికి మైనస్ ఆర్‌టీవీ చాలు. ఫైలు పేర్లలో కోలన్ ఉంటే ఈ రెండు ఫైల్‌సిస్టమ్‌లూ ఒప్పుకోవు. గంటా నిమిషాలు కోలన్‌తో రాసే లాగ్ ఫైళ్లు సరిగ్గా ఇక్కడే ఆగిపోతాయి. ఒక చిన్న తిరకాసు కూడా ఉంది. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు పరిమితి 255 బైట్లు. తెలుగులో ఒక్కో అక్షరం, గుణింతపు గుర్తు యూటీఎఫ్-8లో 3 బైట్ల చొప్పున తింటాయి, వత్తు రెండు గుర్తుల లెక్క, కాబట్టి అవన్నీ కలిపి 85 దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్ అలాంటివి 255 పట్టనిస్తుంది. పొడుగాటి తెలుగు పేర్లున్న ఫైళ్లు ఎక్స్‌ఫ్యాట్ నుంచి ఈఎక్స్‌టీ4కు వచ్చేటప్పుడు ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’ అనేది అందుకే.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను విండోస్ డిస్కు వచ్చిందని వాడాలే తప్ప కోరి ఎంచుకోనక్కర్లేదు. కెర్నల్ 5.15 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ ఉంది, అంతకుముందు ఫ్యూజ్‌తో నడిచే ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంచి షట్‌డౌన్ చేసి డిస్కు తీసుకొస్తే ఇక్కడ రీడ్-ఓన్లీగా మౌంట్ అవుతుంది, లేదా అసలు కాదు. బలవంతంగా రాయకండి. విండోస్‌లోకి తీసుకెళ్లి ‘సేఫ్‌లీ రిమూవ్’ చేసి తెచ్చుకోవడమే సరైన మందు. మ్యాక్ చదువుతుంది కానీ రాయదు.

యూడీఎఫ్ కాగితం మీద అన్నింటికన్నా బాగుంటుంది: పెద్ద ఫైళ్లు, యూనిక్స్ పర్మిషన్లు, లినక్స్, మ్యాక్, విండోస్ మూడింట్లోనూ చదవడం, రాయడం. అయితే పాడైతే బాగుచేసే నమ్మకమైన టూల్ లినక్స్‌లో లేదు. అది చాలు వదిలేయడానికి.

చెక్‌సమ్‌లు, స్నాప్‌షాట్‌లు కావాలని జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కు తెచ్చేవాళ్లకు రెండు హెచ్చరికలు. ఇంపోర్ట్ చేసేటప్పుడు మైనస్ పెద్ద ఆర్ ఇచ్చి వేరే రూట్ చూపించండి. లేకపోతే పూల్‌లో (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల సమూహం) రాసుకున్న మౌంట్ పాయింట్ హోమ్ అయితే అది అందరి హోమ్ డైరెక్టరీల మీద వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది. తీసే ముందు జెడ్‌పూల్ ఎక్స్‌పోర్ట్ తప్పనిసరి. చేయకుండా పీకితే డిఫాల్ట్‌గా పూల్ సస్పెండ్ అయి, దాన్ని ముట్టుకున్న ప్రాసెస్‌లన్నీ వేలాడతాయి. ఇది అడ్మిన్ చేతిలో ఉండాల్సిన డిస్కు, యూజర్ జేబులో కాదు.

ఈఎక్స్‌టీ4నే తీసుకుంటే ఫార్మాట్ చేసేటప్పుడు రెండు పనులు మరవద్దు. డిఫాల్ట్‌గా 5 శాతం జాగా రూట్ కోసం పక్కన పెడుతుంది, 4 టీబీ డిస్కులో అది 200 జీబీ. డేటా డిస్కుకు అది దండగ, ట్యూన్2ఎఫ్‌ఎస్ మైనస్ ఎం 0తో వెనక్కి తెచ్చుకోవచ్చు. గ్రూపు పంచుకునే డిస్కయితే పై డైరెక్టరీకి గ్రూపు మార్చి సెట్‌జీఐడీ బిట్ (కొత్త ఫైళ్లూ అదే గ్రూపుకు చెందేలా చేసేది) పెట్టండి, సెట్‌ఎఫ్‌ఏసీఎల్ మైనస్ డీతో గ్రూపుకు డిఫాల్ట్ ఏసీఎల్ (కొత్త ఫైళ్లకు వర్తించే అనుమతుల జాబితా) ఇవ్వండి. ఒక్క సెట్‌జీఐడీ చాలదు: యూమాస్క్ 022 ఉన్నవాళ్లు సృష్టించిన ఫైళ్లను గ్రూపులో మిగతావాళ్లు చదవగలరు, రాయలేరు.

టార్ ఫైలుగా మోయడం

ఎక్స్‌ఫ్యాట్ డిస్కు మీద టార్ ఫైలు (చాలా ఫైళ్లను ఒక్కటిగా కట్టినది) ఒకటి పెట్టడం పాతకాలపు పద్ధతిలా కనిపిస్తుంది కానీ షేర్డ్ మెషీన్‌లో దీనికి పోటీ తక్కువ. పర్మిషన్లు, సిమ్‌లింకులు, కోలన్ ఉన్న పేర్లు అన్నీ లోపల భద్రం. చిన్న ఫైళ్లు లక్ష ఉన్నా ఒక్కటే వరుస రాత కాబట్టి పెన్‌డ్రైవ్ మీద వేగంగా పోతుంది, క్లస్టర్ వృథా లేదు. మామూలు యూజర్‌గా విప్పితే ఫైళ్లన్నీ విప్పినవారి పేరు మీదే వస్తాయి, యూఐడీ గొడవ ఉండదు. మోడ్ బిట్లు యథాతథంగా కావాలంటే విప్పేటప్పుడు మైనస్ పీ. ఏసీఎల్‌లు ఉంటే గ్నూ టార్‌కు కట్టేటప్పుడూ విప్పేటప్పుడూ ఆ ఆప్షన్ విడిగా ఇవ్వాలి, లేకపోతే రాలిపోతాయి. ఫ్యాట్32 తప్పనిసరైతే స్ప్లిట్‌తో 4000ఎం ముక్కలుగా కోసి, అవతల క్యాట్‌తో కలిపి టార్‌కు పైప్ చేయండి.

ఒక్క ఫైలు మార్చాలన్నా మొత్తం మళ్లీ కట్టాలి, అదే దీని లోటు. రోజూ మారే డేటాకు వద్దు. పంపించడానికి, అప్పగించడానికి, భద్రపరచడానికి ఇదే.

ఎన్‌క్రిప్షన్: ఎవరి నుంచి దాచాలి?

డిస్కు పోగొట్టుకుంటే చదవకూడదు అన్నంతవరకే అయితే లక్స్ (డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే లినక్స్ పద్ధతి), దాని మీద ఈఎక్స్‌టీ4. యుడిస్క్స్‌సీటీఎల్ అన్‌లాక్‌తో కన్సోల్ యూజర్ రూట్ లేకుండానే తెరవగలడు. లక్స్2 డిఫాల్ట్ కీ పద్ధతి తెరిచేటప్పుడు 1 జీబీ దాకా మెమరీ తీసుకోగలదు, కాబట్టి పెద్ద మెషీన్‌లో తయారుచేసిన డిస్కు చిన్న మెషీన్‌లో తెరుచుకోకపోవచ్చు. హెడర్ బ్యాకప్ తీసి వేరేచోట పెట్టండి. ముందు భాగంలోని ఆ కొద్ది ఎంబీలు పాడైతే పాస్‌ఫ్రేజ్ తెలిసినా మిగతాదంతా చెత్తే.

ఆ మెషీన్ అడ్మిన్ చదవకూడదు అన్నది మీ అవసరమైతే లక్స్ పనికిరాదు. అన్‌లాక్ చేసిన క్షణం నుంచి కీ కెర్నల్ మెమరీలో ఉంటుంది, ఫైళ్లు రూట్‌కు మామూలుగానే కనిపిస్తాయి. అలాంటి డేటాను జీపీజీతో ఫైలుగా ఎన్‌క్రిప్ట్ చేసి, సొంత మెషీన్‌లోనే విప్పండి. ఏ టూల్ వాడినా పాస్‌ఫ్రేజ్‌ను కమాండ్ లైన్‌లో టైప్ చేయకండి: పీఎస్ (నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే కమాండ్) కొట్టిన ప్రతి యూజర్‌కూ ఆర్గ్యుమెంట్లు కనిపిస్తాయి, హిస్టరీ ఫైల్లోనూ మిగులుతాయి.

డిస్కు

పెన్‌డ్రైవ్ కొద్ది జీబీల రవాణాకు. చిన్న ఫైళ్లు రాయడంలో నత్తనడక, పోయేముందు చెప్పకుండా పోతుంది. రోజూ పని చేసే డేటాకు ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ. నెలల తరబడి బీరువాలో ఉండే పెద్ద ఆర్కైవ్‌కు హార్డ్‌డిస్క్, ఎందుకంటే కరెంటు లేకుండా వదిలేసిన ఫ్లాష్‌లో ఛార్జ్ మెల్లగా కారిపోతుంది. 2.5 అంగుళాల హార్డ్‌డిస్క్ కొన్ని ముందు ప్యానెల్ పోర్టులలో తిరగలేక టిక్‌టిక్‌మంటుంది. యూఎస్‌బీ 2 ఇచ్చేది 500 మిల్లీయాంప్‌లు, యూఎస్‌బీ 3 ఇచ్చేది 900. వెనక పోర్టుకు మార్చండి.

వేగం తక్కువగా ఉంటే డిస్కును తిట్టే ముందు ఎల్‌ఎస్‌యూఎస్‌బీ మైనస్ టీ చూడండి. ఆ వరుసలో 480ఎం అని ఉంటే యూఎస్‌బీ 2 దారిలో పోతోంది, సెకనుకు 35-40 ఎంబీ మించదు, 100 జీబీకి దాదాపు 45 నిమిషాలు. 5000ఎం లేదా 10000ఎం ఉండాలి. చాలాసార్లు కేబులో, మధ్యలోని పాత హబ్బో కారణం. మరీ చవగ్గా దొరికిన పెద్ద కెపాసిటీ పెన్‌డ్రైవ్‌ను వాడకముందే ఎఫ్3రైట్, ఎఫ్3రీడ్‌లతో నింపి చదివి చూడండి. నకిలీవి పేరుకు 512 జీబీ చూపించి, నిజంగా ఉన్న జాగా దాటాక రాసినదంతా చప్పుడు లేకుండా పారేస్తాయి.

తీసేటప్పుడు

డేటా పోయేది ఎక్కువగా ఇక్కడే, అందుకే ఇది కాస్త వివరంగా. సీపీ కమాండ్ అయిపోయి ప్రాంప్ట్ వచ్చిందంటే డేటా డిస్కు మీదకు చేరిందని కాదు, మెమరీలోకి చేరిందని. 64 జీబీ ర్యామ్ ఉన్న వర్క్‌స్టేషన్‌లో డిఫాల్ట్ సెట్టింగ్‌ల ప్రకారం అందుబాటు మెమరీలో 20 శాతం దాకా రాయని డేటా నిలవుంటుంది. 12 జీబీ అనుకుందాం. సెకనుకు 20 ఎంబీ రాసే పెన్‌డ్రైవ్‌కు అది పది నిమిషాల పని. అన్‌మౌంట్ కొడితే ఆ పది నిమిషాలూ కదలకుండా నిలబడుతుంది, హ్యాంగ్ అయిందనుకుని పీకేస్తారు. ప్రాక్ డైరెక్టరీలోని మెమ్‌ఇన్ఫో ఫైల్లో ‘డర్టీ’ అన్న లైన్ చూస్తుంటే అంకె తగ్గుతూ కనిపిస్తుంది. ఉత్త సింక్ (మెమరీలోని డేటాను డిస్కుకు పంపే కమాండ్) కొట్టకండి, అది మెషీన్‌లోని అన్ని ఫైల్‌సిస్టమ్‌ల కోసం ఎదురుచూస్తుంది. సింక్ మైనస్ ఎఫ్ ఇచ్చి మీ మౌంట్ పాయింట్ రాస్తే దాని వరకే. ఈ బాధ లేకుండా ‘సింక్’ అన్న మౌంట్ ఆప్షన్ పెట్టేద్దామంటే రాత బాగా నెమ్మదిస్తుంది, ఫ్యాట్ మీద అదే పట్టికను పదేపదే రాసి ఫ్లాష్‌ను అరగదీస్తుంది. ఫ్యాట్‌కు ‘ఫ్లష్’ ఆప్షన్ మధ్యేమార్గం.

‘టార్గెట్ ఈజ్ బిజీ’ వస్తే డిస్కును పట్టుకున్నదెవరో చూపే ఫ్యూజర్ మైనస్ వీఎం, మౌంట్ పాయింట్ కొట్టండి. దొంగ ఎక్కువగా మీ సొంత టెర్మినలే, ఆ డైరెక్టరీలోకి సీడీ అయి ఉంటుంది. లేదా ఎప్పుడో వదిలేసిన టీమక్స్ (వెనక నడుస్తూనే ఉండే టెర్మినల్) సెషన్. రూట్ కాకపోతే మీకు మీ ప్రాసెస్‌లే కనిపిస్తాయి, జాబితా ఖాళీగా ఉన్నా డిస్కు బిజీ అంటే పట్టుకున్నది మరో యూజర్. అప్పుడు అడ్మిన్‌ను పిలవాలి. యూమౌంట్ మైనస్ ఎల్ మాత్రం కొట్టకండి. అది పేరును డైరెక్టరీ చెట్టులోంచి తీసేస్తుంది, లోపల తెరిచి ఉన్న ఫైళ్లకు రాత సాగుతూనే ఉంటుంది. అయిపోయిందనుకుని పీకితే సగం రాత గాలిలో పోతుంది.

అన్‌మౌంట్ అయ్యాక యుడిస్క్స్‌సీటీఎల్ పవర్-ఆఫ్ కూడా కొడితే హార్డ్‌డిస్క్ తలలు పార్క్ చేసుకుని ఆగుతుంది. ముఖ్యమైన డేటా అయితే పవర్-ఆఫ్‌కు ముందు ఇంకో అడుగు: అన్‌మౌంట్ చేసి, మళ్లీ మౌంట్ చేసి, ఎస్‌హెచ్‌ఏ256సమ్ మైనస్ సీతో సరిచూడండి. అన్‌మౌంట్ చేయకుండా చూస్తే చదివేది డిస్కును కాదు, మెమరీలో మిగిలిన కాపీని.

ఎవరికి ఏది

ఒక్కరు, రకరకాల మెషీన్లు: ఎక్స్‌ఫ్యాట్, యుడిస్క్స్ మౌంట్, ప్రోగ్రాములూ పర్మిషన్లూ ఉన్నవి టార్‌లో. ఒకే ఎల్‌డాప్ కింద ఉన్న గ్రూపు: ఈఎక్స్‌టీ4, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ‘యూజర్స్’, సెట్‌జీఐడీ, డిఫాల్ట్ ఏసీఎల్. ఎప్పుడూ తగిలించి ఉంచే బ్యాకప్: ఈఎక్స్‌టీ4 లేదా అడ్మిన్ చేతిలోని జెడ్‌ఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 అయితే ఆటోమౌంట్‌తో. బీఎస్‌డీకీ లినక్స్‌కూ మధ్య తిరిగేది: ఫ్యాట్32 మీద ముక్కలు చేసిన టార్. ఫ్రీబీఎస్‌డీ ఈఎక్స్‌టీ4ను చదివి రాయగలదు కానీ జర్నల్‌ను వాడదు, సరిగ్గా అన్‌మౌంట్ కాని డిస్కును అక్కడికి తీసుకెళ్లే ముందు లినక్స్‌లో ఈ2ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్‌ను సరిచేసే టూల్) నడపాలి.

ఎస్‌ఎస్‌హెచ్‌లో మాత్రమే వచ్చేవాళ్లు, కన్సోల్ దగ్గరకు ఎప్పుడూ వెళ్లనివాళ్లు ఈ గొడవలోకి దిగనక్కర్లేదు. డిస్కును తమ మెషీన్‌కే తగిలించుకుని ఆర్‌సింక్‌తో నెట్‌వర్క్ మీద పంపుకోవచ్చు. గిగాబిట్ లైన్ సెకనుకు 110 ఎంబీ దాకా ఇస్తుంది, మామూలు పెన్‌డ్రైవ్ రాసే వేగం కన్నా అది చాలా ఎక్కువ.